పక్కన పెట్టమన్నారా, ముందుకు తెమ్మన్నారా? ఇడియమ్స్ మీద ఒక కేస్ స్టడీ

హనుమకొండలో ఉద్యోగస్తులకు ఇంగ్లీషు నేర్పడం నా పని. కాలేజీ పిల్లలు, పోటీ పరీక్షల వాళ్లు కూడా వస్తారు గానీ, ఈమధ్య ఎక్కువగా వస్తున్నది మడికొండ ఐటీ పార్కులో పనిచేసేవాళ్లు, ఇంటి నుంచే హైదరాబాద్ ఆఫీసులకు పనిచేసేవాళ్లు. వాళ్లలో ఒక అమ్మాయి కేసు ఇది. ఆమెను అడిగి, ఆమె సరేనన్నాకే రాస్తున్నాను. ఊరు, ఆఫీసు, క్లయింటు ఎవరో తెలిసే వివరాలు తీసేశాను. ఒకటి రెండు చిన్న సంగతులు మార్చాను. ఇడియమ్స్ అంటే విడి మాటల అర్థంతో పనిలేకుండా మొత్తంగా వేరే అర్థమిచ్చే నుడికారాలు. అవి అనగానే లిస్టు చేతిలో పెట్టే పద్ధతి మన దగ్గర బాగా పాతుకుపోయింది. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఆ లిస్టు ఎందుకు పనికిరాదో, దాని బదులు ఏం చేయొచ్చో ఈ కేసు నాకు తెలిసినంతలో బాగా చూపిస్తుంది.

నేపథ్యం

ఆ అమ్మాయికి పాతికేళ్లు నిండలేదు. పదో తరగతి దాకా ఊళ్లో సర్కారు బడి, తెలుగు మీడియం. ఇంటర్, ఇంజినీరింగ్ హనుమకొండలో హాస్టల్‌లో ఉండి చదివింది. తండ్రి పత్తి, మిర్చి వేస్తాడు. పంట చేతికొస్తే ఏనుమాముల మార్కెట్‌కు తెస్తాడు. ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి ఈమే. అమెరికా క్లయింటుకు సాఫ్ట్‌వేర్ సపోర్టు ఇచ్చే టీమ్‌లో ఉద్యోగం. రోజూ సాయంత్రం కాల్ ఉంటుంది. అటువైపు అమెరికా వాళ్లు కొందరు, బ్రిటన్ మేనేజర్ ఒకరు.

మొదటి రోజు రాయించిన పేరాలో తప్పులు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంగ్లీషు మీడియంలో చదివి వచ్చిన చాలామంది కంటే ఆమె రాత శుభ్రంగా ఉంది. సర్వర్, లాగ్స్, టికెట్, రోల్‌బ్యాక్ అంటూ పని మాటలు నిండిన రికార్డింగు వినిపిస్తే, అమెరికన్ యాసలో వేగంగా సాగినా ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. ఈ రెండూ ముందే చూసుకోవాలి. ఇడియమ్స్ రావట్లేదంటూ వచ్చేవాళ్లలో చాలామందికి అసలు చిక్కు యాసతోనో, వేగంతోనో ఉంటుంది. అలాంటివాళ్లకు ఇడియమ్స్ నేర్పితే డబ్బూ టైమూ రెండూ దండగ. ఈ అమ్మాయికి ఆ రెండూ లేవు.

వచ్చిన సమస్య

ఒక మార్పు గురించి కాల్‌లో వాదన నడుస్తుండగా అమెరికా టీమ్ లీడ్ "లెట్స్ టేబుల్ దిస్" అన్నాడు. బల్ల మీద పెడదాం అంటున్నాడంటే చర్చకు తెమ్మంటున్నాడని ఈమె అనుకుంది. రాత్రి కూర్చొని స్లైడ్లు తయారుచేసింది. మర్నాడు అవి తెరిస్తే ఆయన, దాన్ని నిన్ననే పక్కన పెట్టాం కదా అన్నాడు. అందరి ముందూ ముఖం చిన్నబోయింది. పుస్తకంలో వెతికి, టేబుల్ చేయడమంటే వాయిదా వేయడం అని రాసుకుంది. కొన్నాళ్లకు బ్రిటన్ మేనేజర్ ఇంకో విషయం గురించి "ఐ వాంట్ టు టేబుల్ దిస్ టుమారో" అని మెసేజ్ పెట్టాడు. హమ్మయ్య, ఇది పక్కన పెట్టేశారు అనుకొని నిశ్చింతగా పడుకుంది. మర్నాడు ఆయన మొట్టమొదట అడిగింది దాని గురించే.

ఈ మాటకు అమెరికాలో ఒక అర్థం, బ్రిటన్‌లో దానికి సరిగ్గా వ్యతిరేకమైన అర్థం. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ రెండు దేశాల సైనికాధికారులే దీని దగ్గర చిక్కుకున్నారు. ఒక కాగితాన్ని వెంటనే చర్చకు పెట్టాలని బ్రిటిష్ వాళ్లు "టేబుల్" చేస్తామంటే, సొరుగులో పడేసి మర్చిపోతామంటున్నారని అమెరికన్లు అనుకున్నారు. గట్టిగా వాదులాడుకున్నాక గానీ ఇద్దరూ కోరేది ఒకటేనని తేలలేదు. చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో దీన్ని రాశాడు. ఈ సంగతి చెబితే ఆ అమ్మాయి ముఖం కాస్త తేటపడింది. "అంటే వాళ్లకే సమజ్ కాలేదన్నట్టు" అంది.

ఆమె అడిగింది మాత్రం వేరు. "మేడమ్, నాకు ఇడియమ్స్ అస్సలు రావు. ఒక వెయ్యి నేర్పిస్తరా?"

వెయ్యి అన్న లెక్క పక్కన పెట్టి, నిన్నటి కాల్‌లో ఏం జరిగిందో వరసగా చెప్పమన్నాను. మొదటి ఐదు నిమిషాలు చక్కగా చెప్పింది. తర్వాత ఎవరు ఏమన్నారో చెప్పలేకపోయింది. ఎందుకని అడిగితే వచ్చిన జవాబు ఇదీ: "ఒక్క మాట సమజ్ కాకపోతే, అదేందో అని ఆలోచించుకుంటనే ఉంటా మేడమ్. అంతల వాళ్లు ముందుకు పోతరు. ఇగ తర్వాత ఏమన్నరో ఏం ఎక్కదు."

ఇది నిజమో కాదో చూడటానికి చిన్న పరీక్ష పెట్టాను. నాలుగు వాక్యాల పేరాలు రెండు రాసుకున్నాను. రెండూ ఆఫీసు సంగతులే. ఒకదాంట్లో అన్నీ మామూలు మాటలు. రెండోదాంట్లో రెండో వాక్యంలో ఆమెకు తెలియని ఇడియమ్ ఒకటి. రెండూ ఒకే వేగంతో చదివి, నాలుగో వాక్యంలో ఏముందని అడిగాను. మొదటి పేరాలో గడువు, మనిషి పేరు, పని అన్నీ చెప్పింది. రెండో పేరాలో నాలుగో వాక్యం ఉందనే గుర్తులేదు. ఆ వాక్యంలో ఉన్నవి ఆమెకు బాగా తెలిసిన మాటలే.

దాంతో ఏం చేయాలన్నది చాలావరకు తేలిపోయింది. తెలియని ఇడియమ్ ఆమెకు చేస్తున్న నష్టం ఒక మాట అర్థం కాకపోవడం దగ్గర ఆగట్లేదు. దాని వెనక వచ్చే అర నిమిషం మాటలన్నీ పోతున్నాయి. వెయ్యి నేర్చుకున్నా వెయ్యిన్నొకటోది ఎదురైనప్పుడు ఇదే జరుగుతుంది.

అంతకుముందు ఆమె చేసి చూసినవి

చౌరస్తాలో కొన్న పుస్తకం ఒకటి, అందులో అక్షర క్రమంలో ఇడియమ్స్, పక్కన ఒక్క ముక్కలో అర్థం. దానికి తోడు ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) ఉద్యోగ పరీక్షల గైడు, రోజుకొక ఇడియమ్ పంపే ఫోన్ యాప్. ఆమె కష్టపడలేదని ఎవరూ అనలేరు. పుస్తకంలో సగానికి పైగా వచ్చు. ఎక్కడ అడిగినా టక్కున చెబుతుంది. "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్", "బరీ ద హాచెట్", "ఎ వైట్ ఎలిఫెంట్". ఈ పుస్తకంలోవి ఆఫీసు కాల్స్‌లో ఏమైనా విన్నావా అని అడిగితే చాలాసేపు ఆలోచించి, ఆ టేబుల్ తప్ప ఇంకేం లేదంది.

ఇందులో వింతేం లేదు. మొత్తంగా చూస్తే ఇంగ్లీషులో ఇడియమ్స్ కోకొల్లలు. ఒక్కోదాన్ని విడిగా చూస్తే మాత్రం ఎప్పుడో గానీ వినపడదు. పిల్లులూ కుక్కలూ వాన కురిపించే ఇడియమ్ మన బడి పుస్తకాల్లో బతికినంత హాయిగా వాళ్ల మాటల్లో బతకట్లేదు. ఆమె కాల్స్‌లో రోజూ నలిగేవి "టచ్ బేస్" (ఓసారి మాట్లాడుకోవడం), "బాల్‌పార్క్" (ఉరామరి లెక్క), "హెడ్స్-అప్" (ముందస్తు కబురు), "సర్కిల్ బ్యాక్" (తర్వాత మళ్లీ ఆ సంగతికి రావడం), "లూప్ ఇన్" (సమాచారంలో కలుపుకోవడం), "లో-హ్యాంగింగ్ ఫ్రూట్" (తేలిగ్గా అయిపోయే పని) లాంటివి. ఇవి ఆమె పుస్తకంలో దాదాపు లేవు.

పుస్తకం ఇంకో పని కూడా చేసింది. నేర్చుకున్నవి వాడాలన్న ఆత్రం పుట్టించింది. ఒకరోజు పని ఎంతవరకొచ్చిందో చెప్పే మెయిల్‌లో రాయినీ వదలం, అర్ధరాత్రి నూనె కాలుస్తాం, ఒక్క దెబ్బకు రెండు పిట్టలు అనే అర్థం వచ్చే మూడు ఇడియమ్స్ ఒకే వాక్యంలో పెట్టింది. అటునుంచి ఒక్క లైను జవాబు: "వాట్స్ ద ఈటీఏ?" ఎప్పటికవుతుందో చెప్పు అని. ఆ మెయిల్ నాకు చూపిస్తూ, "ఇండ్ల తప్పేమున్నది మేడమ్, గ్రామర్ కరెక్టే ఉన్నది కదా" అంది. గ్రామర్ కరెక్టే. తేదీ లేదు, అంతే.

ఆఫీసువాళ్ల ట్రైనింగులో ఇచ్చిన కాగితాలు మరీ చేటు చేశాయి. వాటిలో ఇడియమ్స్‌ను శరీర భాగాల వారీగా పేర్చారు. కంటికి సంబంధించినవి ఒక పేజీ, చేతికి సంబంధించినవి ఒక పేజీ. చూడటానికి పొందిగ్గా ఉంటుంది. కానీ ఒకే రూపం ఉన్నవన్నీ ఒకేసారి నేర్చుకుంటే బుర్రలో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. "కీప్ ఎన్ ఐ ఆన్" అంటే కనిపెట్టుకొని ఉండటం. "సీ ఐ టు ఐ" అంటే ఏకాభిప్రాయం. "టర్న్ ఎ బ్లైండ్ ఐ" అంటే చూసీ చూడనట్టు వదిలేయడం. ఎర్రర్ లాగ్స్ మీద కన్నేసి ఉంచాం అని చెప్పబోయి, ఒకరోజు కాల్‌లో "వీ ఆర్ టర్నింగ్ ఎ బ్లైండ్ ఐ టు ద ఎర్రర్ లాగ్స్" అంది. తప్పుల్ని చూసీ చూడనట్టు వదిలేస్తున్నాం అని క్లయింటుకు తనే ఒప్పుకున్నట్టయింది. ఆ తర్వాత కొన్నాళ్లు కాల్‌లో నోరు తెరవలేదు. నా దగ్గరికి వచ్చింది ఆ టైములోనే.

మా ఇద్దరం చూసి వదిలేసినవి

అమెరికన్ కామెడీ సీరియళ్లు చూడమని చాలామంది సలహా ఇస్తారు. కొన్ని భాగాలు సబ్‌టైటిల్స్‌తో చూసింది. నవ్వుకుంది, ఇష్టపడింది. నోట్సులో చేరినవి మాత్రం ప్రేమలు, డేటింగులు, అమెరికన్ స్కూలు పిల్లల మాటలు. ఆఫీసు కాల్‌కు ఒక్కటీ పనికిరాలేదు. పైగా సబ్‌టైటిల్ ఉంటే కళ్లు చదువుతాయి, చెవికి పని తగ్గుతుంది. ఆమెకు తర్ఫీదు కావాల్సింది చెవికి. సరదాకు చూసుకో, దాన్ని చదువు ఖాతాలో వేయకు అని చెప్పాను.

ఇడియమ్స్ పుట్టిన కథలు చెప్పడం ఇంకో దారి. ఇక్కడ నా అభిప్రాయం కొంత కటువుగానే ఉంటుంది. ఇంటర్నెట్‌లో తిరిగే ఈ కథల్లో చాలావరకు కల్పితాలు. గడ్డికప్పు మీద పడుకున్న పిల్లులూ కుక్కలూ వానకు జారి కిందపడేవని, అందుకే ఆ మాట వచ్చిందని ఒక కథ ఉంది. దానికి ఆధారం లేదు. "సేవ్డ్ బై ద బెల్" శవపేటికకు కట్టిన గంట నుంచి వచ్చిందంటారు. అది బాక్సింగులో రౌండు ముగిసే గంట. కథ ఎంత వింతగా ఉంటే అంత బాగా గుర్తుంటుంది, కాల్‌లో మాట వినపడగానే ముందు ఆ కథే గుర్తొస్తుంది. ఆమెకు ఆలోచనలో పడిపోవడమే అసలు జబ్బు. దానికి కథలు మందు కాలేదు, జబ్బును పెంచాయి.

కథల్లో ఒక్క భాగాన్ని మాత్రం ఉంచాం. అమెరికా ఆఫీసు మాటల్లో బేస్‌బాల్ నుంచి వచ్చినవి చాలా ఉంటాయి. ఆ ఆట రూపురేఖలు ఒక్కసారి తెలిస్తే ఒకేసారి అరడజను మాటలు తేటపడతాయి. బేస్‌బాల్ మైదానాన్ని బాల్‌పార్క్ అంటారు, కాబట్టి "ఇన్ ద బాల్‌పార్క్" అంటే ఆ చుట్టుపక్కల ఎక్కడో అని. బ్యాట్ పట్టినవాడు పక్కన నిలబడే పలక ప్లేట్, కాబట్టి "స్టెప్ అప్ టు ద ప్లేట్" అంటే బాధ్యత తీసుకోవడం. బంతి అనుకోని వంపు తిరిగితే కర్వ్‌బాల్. వాన వల్ల ఆట ఆగితే ఇంకోరోజు రమ్మని ఇచ్చే చీటీ రెయిన్ చెక్, కాబట్టి "ఐ విల్ టేక్ ఎ రెయిన్ చెక్" అంటే ఇప్పుడు కాదు, మరోసారి చూద్దాం. తమ్ముడితో కలిసి క్రికెట్ చూస్తూ పెరిగిన పిల్ల కాబట్టి మైదానం బొమ్మ గీసి చూపిస్తే పట్టేసింది.

పనిచేసినవి

మొదట ఇడియమ్స్ జోలికే పోలేదు. కాల్‌లో ఆగిపోకుండా ఉండటానికి ఒక్క వాక్యం నేర్పాను. మాట అర్థం కాలేదని చెప్పడం ఆమెకు నామోషీ. "సారీ, వాట్ డస్ దట్ మీన్?" అని నలుగురిలో అడగమంటే అడగదు, బలవంతపెట్టి లాభం లేదు. అందుకని అర్థం అడగడం మానేసి, పని అడగమన్నాను. "జస్ట్ టు కన్ఫర్మ్, యూ వాంట్ మీ టు హోల్డ్ దిస్ ఫర్ నౌ?" అని. సందర్భాన్ని బట్టి ఏది ఎక్కువ కుదురుతుందో ఆ పనిని తనే ఊహించి వాక్యంలో పెట్టాలి. ఊహ సరైతే అవునంటారు. తప్పైతే సరిదిద్దుతారు, మామూలు మాటల్లో సరిదిద్దుతారు. ఎటైనా ఆమెకు కావాల్సింది దొరుకుతుంది. పైగా ఇలా అడిగేవాళ్లను జాగ్రత్తగా పనిచేసే మనిషి అంటారే తప్ప ఇంగ్లీషు రాదనరు. "టేబుల్" అన్న రోజున ఈ ఒక్క వాక్యం ఆమె నోట్లో ఉండుంటే స్లైడ్ల కోసం రాత్రి నిద్ర పాడుచేసుకునేది కాదు.

తర్వాత నోట్‌బుక్. ఆఫీసు కాల్ రికార్డింగులు బయటికి తేకూడదు, తెమ్మని నేను అడగను కూడా. కాల్ అయ్యాక గుర్తున్న మాటను, క్లయింటు పేరు గానీ ప్రాజెక్టు పేరు గానీ లేకుండా, మూడు గడుల్లో రాయమన్నాను. మాట ఏమిటి, దానికి ముందు ఏ సంగతి నడుస్తోంది, ఆ తర్వాత ఎవరు ఏం చేయాల్సి వచ్చింది. అర్థం రాసే గడి పెట్టలేదు. మొదట్లో ఆమెకు ఇది నచ్చలేదు. "అర్థం రాయకుంటే ఎట్ల చదువుకోవాలె మేడమ్?" అని రెండు మూడుసార్లు అడిగింది. అర్థం రాస్తే మళ్లీ పుస్తకమే అవుతుంది. టేబుల్ విషయంలో ఆమెను దెబ్బతీసింది ఆ ఒక్క ముక్క అర్థమే. ముందేం జరిగింది, తర్వాత ఏం చేయాలి అన్న రెండూ తెలిస్తే మధ్యలో మాట అర్థం దానంతటదే బిగుసుకుంటుంది.

"బాల్‌పార్క్" దగ్గర జరిగింది కాస్త వివరంగా చెప్పాలి. ఈ మాటకు అర్థం ఆమెకు అప్పటికే తెలుసు. అయినా టీమ్ లీడ్ "కెన్ యూ గివ్ మీ ఎ బాల్‌పార్క్?" అన్న ప్రతిసారీ బిగుసుకుపోయేది. చెక్ చేసి చెబుతానని తప్పించుకునేది. ఆయన విసుక్కునేవాడు. అర్థం తెలిసి కూడా ఎందుకిలా అని నాకు కొన్నాళ్లు అంతు చిక్కలేదు. ఒకసారి మాటల్లో తండ్రి మార్కెట్ సంగతులు వచ్చాయి. బండి ఇంకా యార్డులోకి రాకముందే అడ్తి (కమిషన్ మీద పంట అమ్మిపెట్టే) దుకాణం ఆయన ఫోన్ చేసి, అందాజ ఎన్ని బస్తాలైతయి అని అడుగుతాడట. నాన్న ఇంట్లో లేకపోతే ఈమే చెబుతుందట, నలభై యాభై మధ్యల ఉంటయి కాకా అని. నలభై రెండే వచ్చినా ఎవరూ ఏమనరు. కాంటా పెట్టాక అసలు లెక్క ఎలాగూ వస్తుంది.

"మరి మీ టీమ్ లీడ్ అడిగేదీ అదే కదా" అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. "ఆఫీసుల అట్ల చెప్తే అబద్ధం చెప్పినట్టయితదేమో అనుకున్న" అంది. ఆమె భయం అదీ. ఆయన అందాజ అడుగుతుంటే ఈమె కాంటా లెక్క చెప్పాలనుకుంది. ఆ ఇడియమ్‌లోనే, తప్పైనా ఫరవాలేదు, ఉరామరిగా చెప్పు అన్న అనుమతి ఉంది. ఆ సంగతి ఏ పుస్తకంలోని ఒక్క ముక్క అర్థంలోనూ రాదు. మర్నాటి కాల్‌లో "టు టు త్రీ డేస్, బాల్‌పార్క్" అని చెప్పిందట. ఆయన సరేనని ముందుకు పోయాడట.

అక్కడి నుంచి నోట్‌బుక్‌లోని మాటల్ని ఎదుటివాళ్లు కోరేదాన్ని బట్టి కుప్పలు పోశాం. ఉరామరి లెక్క అడిగేవి ఒక కుప్ప. వాయిదా వేసేవి, అంటే "పార్క్ ఇట్", "రెయిన్ చెక్", "పుట్ ఎ పిన్ ఇన్ ఇట్" ఇంకోటి. ముందే చెప్పి ఉంచమనేవి, అంటే "హెడ్స్-అప్", "కీప్ మీ పోస్టెడ్", "లూప్ మీ ఇన్" వేరొకటి. మెల్లగా తప్పు పట్టేవి, అంటే "వుయ్ డ్రాప్డ్ ద బాల్ ఆన్ దిస్" (ఇందులో మనం పొరపాటు చేశాం) లాంటివి వేరే. కుప్పకు జవాబు ఒకటే ఉంటుంది. కాబట్టి కొత్త మాట ఎదురైనా ఏ కుప్పలోదో ఊహిస్తే ఏం బదులివ్వాలో తెలిసిపోతుంది. శరీర భాగాల పేర్పులో ఈ సుఖం లేదు.

తెలుగు సామెతలతో జత కలపడం ఆమెకు బాగా ఇష్టం. దాన్ని ఆపలేదు గానీ ఒక షరతు పెట్టాను. బొమ్మ కలిస్తే చాలదు, పని కలవాలి. "బ్యాక్ టు స్క్వేర్ వన్"కు తనే "ఎక్కడేసిన గొంగడి అక్కడ్నే" అని రాసుకొచ్చింది. కాస్త తేడా ఉంది. గొంగడి అసలు కదలనే లేదు, అక్కడ మాత్రం కొంత నడిచి మళ్లీ మొదటికొచ్చారు. అయినా కాల్‌లో చేయాల్సింది ఒకటే, మళ్లీ మొదలుపెట్టడం. కాబట్టి ఉంచాం. "సిట్ ఆన్ ద ఫెన్స్"కు "గోడ మీద పిల్లి" రాస్తే ఒప్పుకోలేదు. మన పిల్లి ఎటు లాభముంటే అటు దూకడానికి కాచుకొని ఉంటుంది. ఫెన్స్ మీద కూర్చున్నవాడు తేల్చుకోలేకపోతున్నాడంతే. క్లయింటు గురించి ఆ మాట వింటే ఆయన మీద లేనిపోని అనుమానం పెట్టుకుంటుంది. "గివ్ ఎ హ్యాండ్" అంటే సాయం చేయడం, మనకు చెయ్యివ్వడమంటే నట్టేట ముంచడం. ఇది చెబితే పడీపడీ నవ్వింది. నవ్వించినవి మరచిపోదు కాబట్టి అలాంటివి వేరే పేజీలో పెట్టుకుంది.

నోట్‌బుక్ అలవాటు ఒకరోజు ఆదుకుంది. బ్రిటన్ మేనేజర్ గ్రూపులో ఏదో వార్త గురించి "ఇట్ నాక్డ్ అజ్ ఫర్ సిక్స్" అని రాశాడు. సిక్స్ అనగానే మనవాళ్లకు చప్పట్లే. అభినందనల బొమ్మ పెట్టబోయి, అలవాటు కొద్దీ దానికి ముందు ఏం నడిచిందో చూసింది. బడ్జెట్ కోత. వెంటనే ఆగింది. క్రికెట్ మాటే అయినా అక్కడ మనల్ని సిక్స్ కొట్టినట్టు, అంటే దిమ్మ తిరిగేలా దెబ్బ తగిలిందని. మనం బ్యాట్స్‌మన్ వైపు నిలబడి వింటాం, ఆయన బంతి వైపు నుంచి చెబుతున్నాడు. నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

మాట్లాడటం సంగతి చివరికి ఉంచాను. వినేటప్పుడు ఎన్ని తెలిస్తే అంత మంచిది. తను వాడటానికి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని చాలు. "ఆన్ ద సేమ్ పేజ్" (ఇద్దరం ఒకే మాట మీద ఉన్నాం), "హెడ్స్-అప్", "కీప్ యూ పోస్టెడ్" లాంటి, ఎవరితో అన్నా ఎబ్బెట్టుగా ఉండనివి ఏరుకుంది. వీటి రూపం మార్చకూడదు. "టచ్ బేస్"లో మధ్యన "ద" పెడితే చెడిపోతుంది. "ఇన్ ద లూప్"లో తీసేస్తే చెడిపోతుంది. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనకు ఇది చెవికి పట్టదు. మొత్తాన్ని ఒకే మాటలా, ఊపిరి తిప్పుకోకుండా పలికించాను. మన దగ్గర మాత్రమే చెల్లేవి కూడా కొన్ని తీసేయించాను. తమ్ముడు "పాస్డ్ అవుట్ లాస్ట్ ఇయర్" అంటే మనకు డిగ్రీ అయిపోయిందని, అమెరికా వాళ్లకు స్పృహ తప్పాడని.

ఎంతవరకు మారింది

వానాకాలం మొదలయ్యాక మొదటి పరీక్షలాంటిదే కొత్త పేరాలతో మళ్లీ పెట్టాను. ఇడియమ్ ఉన్న పేరా చదివాక నాలుగో వాక్యం అడిగితే ఆమె జవాబు: "రెండో లైన్ల ఏందో అన్నరు, అది నాకు తెల్వది మేడమ్. కానీ సోమవారం లోపల రిపోర్టు ఇయ్యమన్నరు." నాకు కావాల్సింది అదే. తెలియని మాట తెలియకుండానే ఉంది, దాని వెనక మాటలు మాత్రం పోలేదు.

అన్నీ కుదిరాయని కాదు. జోకులు ఇప్పటికీ అందవు. అందరూ నవ్వాక నవ్వుతుంది. ఇద్దరు అమెరికన్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు సగం పోతుంది. ఈమధ్య ఆస్ట్రేలియా క్లయింటు ఉన్న ప్రాజెక్టులోకి మారింది. మధ్యాహ్నాన్ని వాళ్లు "ఆర్వో" అంటారని మొదటి వారమే నోట్‌బుక్‌లోకి ఎక్కించింది. ఈసారి అర్థం గడి కావాలని అడగలేదు.

టీచర్లకు ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ పద్ధతి రోజూ కాల్స్‌లో ఉండేవాళ్లకే. ఎస్ఎస్‌సీ లాంటి పరీక్షలకు చదివేవాళ్లు కూడా ఇడియమ్స్ అనే అడుగుతారు గానీ, వాళ్ల అవసరం దీనికి పూర్తిగా వేరు. అక్కడ వినేదేం లేదు, ఎవరికీ బదులివ్వక్కర్లేదు. కాగితం మీద నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తు పెట్టాలి. పాత ప్రశ్నపత్రాల్లో వచ్చినవే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాళ్లకు ఒక్క ముక్క అర్థాలున్న లిస్టే సరైన పనిముట్టు. ఒకే రూపం ఉన్నవి ఒకేరోజు పెట్టుకోకుండా, రోజు విడిచి రోజు పాతవాటిని అర్థం మూసేసి గుర్తుచేసుకుంటే చాలు. నోట్‌బుక్ గడులు, కుప్పలు వాళ్ల మీద రుద్దొద్దు. ఇద్దరినీ ఒకే బ్యాచ్‌లో కూర్చోబెట్టడం నేను మానేశాను.